కదలని గాలి

ఒంటిగంట రీడింగు రాసుకుని నాగవేణి మళ్ళీ ప్లాస్టిక్ స్టూలు మీద కదలకుండా కూర్చుంది. కదలకూడదు. మనిషి కదిలితే గాలి కదులుతుంది, గాలి కదిలితే కొలత చెడుతుంది, కొలత చెడితే రేపు ఇదే ఎండలో ఇదే షెడ్డులో ఇదే స్టూలు మీద మళ్ళీ కూర్చోవాలి, రేపటికి సెలవు లేదు, కాలేజీలో ఇంటర్నల్ పరీక్షలు, ఎల్లుండికైతే ఈ షెడ్డే ఖాళీగా ఉండదు, కొత్త పంటకు పట్టుపురుగు పిల్లలు వచ్చేస్తాయి. మెడ మీద పుట్టిన చెమట వీపు దాకా మెల్లగా జారుతోంది. తుడుచుకోవాలంటే చెయ్యెత్తాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి కూడా ఒక పాతకాలపు బల్బంత వేడి బయటికి పోతూనే ఉంటుంది, దానికి చెయ్యి ఊపడం ఒకటి తోడెందుకు, జారనీ. తలుపు మూసుంది, కింది కిటికీలు మూసున్నాయి, పురుగులున్నప్పుడు కూడా వడగాలి తగలకుండా ఈ వేళకు మూసే ఉంచుతారు. మొన్న చల్లిన బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కులో కూర్చుంది. పైన సిమెంటు రేకులు ఎండకు చిటచిటమంటున్నాయి. ఐరాలలో మే నెల మధ్యాహ్నం చెట్టు కిందే నిలబడలేరు, రేకుల కింద తలుపు మూసుకుని కూర్చున్న ఆడమనిషిని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు. ఏమైనా అనుకోనీ, చూడ్డానికి కిటికీ తెరిచి ఉంటే కదా.

అసలు ఇట్లా కూర్చోవాల్సిన ఖర్మే లేదు. ఆమె పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో తనంతట తాను వేడి కొలిచి తనంతట తాను రాసుకునే మిషను ఒకటుంది. తనిఖీకి వచ్చే పెద్దలకు చూపించాలని దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి ఉన్నాయన కూతురి పెళ్ళికని పదిరోజులు సెలవు పెట్టి పోయాడు, ఇంకో తాళంచెవి ఉందా అంటే ఉంది, అది ఆ బీరువాలోనే ఉంది. పాతది ఉంది కదమ్మా అన్నారు ఆఫీసులో. పాతది అంటే ఇదే, ఆరు తీగలు, ఒక డబ్బా, డబ్బా మీద తిప్పే మీట. రేకుల నుంచి నేల దాకా ఒక పురికొస వేలాడదీసి, పదకొండడుగుల ఎత్తున ఒక తీగ, తొమ్మిదికి ఒకటి, ఏడుకు, ఐదుకు, మూడుకు, ఒకటికి, అట్లా కట్టింది. మీట తిప్పుతూ ఒక్కో తీగ కొసన ఎంత వేడి ఉందో చూసి నోటుబుక్కులో రాసుకోవాలి, ఐదు నిమిషాలకోసారి, గంటసేపు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఆరేళ్ళ పీహెచ్డీ చివర్న, థీసిస్‌లో కంప్యూటరు లెక్క పక్కన వేసే ఒక్క గ్రాఫు కోసం చేస్తున్న పని ఇదీ.

ఒంటిగంటకు పదకొండడుగుల దగ్గర నలభై నాలుగు. ఏడడుగుల దగ్గర ముప్పై తొమ్మిది. నేల దగ్గర ముప్పై ఒకటి. పొద్దున తీగలు కట్టగానే ఇట్లాంటి అంకెలే చూసి ఆమెకు మొదట భయం కాదు, విసుగే వచ్చింది. తీగలు తారుమారయ్యాయేమోనని పదకొండున్నరకే ఒకసారి అన్నీ విప్పి కిందిది పైన, పైది కింద కట్టి చూసింది. తీగలు మారాయి, అంకెలు మారలేదు. పైన వేడి పైనే ఉంది, కింద చల్లన కిందే ఉంది, వాటి మధ్య రాకపోకలు లేవు. ఆమె కంప్యూటరులో ఉన్న ఇదే షెడ్డులో మాత్రం గాలి గుండ్రంగా, నిదానంగా, ఎంతో పద్ధతిగా తిరుగుతుంది, పడమటి గోడ పక్కన పైకి లేచి, రేకుల కిందుగా నడిచి, తూర్పు గోడ పక్కన దిగి, నేల మీదుగా మళ్ళీ వెనక్కి. పైకీ కిందికీ మూడు డిగ్రీలకు మించి తేడా ఉండదు. ఆ బొమ్మ ఎర్రగా మొదలై పసుపుకు తిరిగి నీలంలోకి దిగుతుంది. పోయినేడు అచ్చైన పరిశోధన పేపర్లో ఆ బొమ్మే మొదటి పేజీలో వేశారు, కాలేజీ వాళ్ళు దాన్ని పెద్దది చేయించి మెట్ల దగ్గర గోడకు తగిలించారు, కూతురు భానుశ్రీ దాన్ని చూసి బాగుంది కానీ ఇది ఏం బొమ్మ అని అడిగింది. ఏం బొమ్మ. ఈ పొద్దు అడిగితే బాగుండు, చెప్పేది.

ఒకటీ ఐదు. లేచి, డబ్బా దగ్గరికి రెండడుగులు, మీట తిప్పి, రాసి, మళ్ళీ రెండడుగులు వెనక్కి. పైన నలభై నాలుగూ రెండు.

పెట్టె. అంతా ఆ పెట్టెతోనే మొదలైంది. తిరుపతిలో యూనివర్సిటీకి పోయి మొదటిసారి దామోదరం సార్ ముందు కూర్చున్న రోజున ఆయన తెల్లకాగితం మీద ఒక చతురస్రం గీశాడు. ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన, పైనా కిందా వేడి రాదు పోదు, లోపల గాలి, ఫ్యాను లేదు, ఏమీ లేదు, వేడెక్కిన గాలి తేలికై తనంతట తానే లేస్తుంది, చల్లబడింది దిగుతుంది, ఎంత వేడి ఈ గోడ నుంచి ఆ గోడకు చేరిందో చెప్పు, అన్నాడు. ఆ పెట్టెను నిలువుకూ అడ్డానికీ గళ్ళు గళ్ళుగా కోసి, ఒక్కో గడికీ నీ వేడెంత, నీ పక్క గడి నుంచి నీలోకి వచ్చిందెంత అని లెక్క వేయిస్తూ పోవాలి, పక్కదాని జవాబు మారితే దీని జవాబు మారుతుంది, దీనిది మారితే దానిది, అన్ని గళ్ళూ ఒకదాని మాట ఒకటి ఒప్పుకునేదాకా వేలసార్లు తిప్పాలి. మొదటి ఏడాదంతా ఒప్పుకోలేదు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు లెక్క ఎక్కడికో ఎగిరిపోయి గాలి వేడి లక్ష డిగ్రీలని చూపించేది. మొగుడు యోగానంద పాలు పొయ్యి మీద పెట్టి, లక్ష డిగ్రీల గాలి ఉంటే గ్యాసు ఎందుకు అనేవాడు. నవ్వే ఓపిక ఉండేది కాదు. చివరికి కుదిరింది, ప్రపంచంలో అందరికీ ఆ పెట్టెలో ఏ జవాబు వచ్చిందో ఆమెకూ అదే వచ్చింది, మూడో దశాంశం దాకా. ఆ రోజు ఆమె ఎంత సంతోషపడిందంటే బస్సు దిగాల్సిన చోట దిగకుండా చంద్రగిరి దాటి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. అందరికీ వచ్చిన జవాబు తనకూ వచ్చిందని సంతోషం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది, బయటి ఎండకు కాదు.

ఎందుకంటే ఆమె మొదట అడిగింది ఈ పెట్టె కాదు. ఆమె ఊళ్ళో షెడ్లకు వేడి ఎడమ నుంచి రాదు, నెత్తి మీది నుంచి వస్తుంది. రేకులు కాలితే పైగాలి కాలుతుంది, అదే నేను చేస్తాను సార్ అంది. చేరిన మొదటి నెలల్లోనే, వాన పడుతోంది, సార్ గది కిటికీ తలుపు సరిగా పడేది కాదు, కాగితాలు తడవకుండా ఆయన ఒక చేత్తో తలుపు పట్టుకునే ఉన్నాడు. "పైన వేడి పెడితే గాలి కదలదమ్మా," అన్నాడు, "వేడిగాలి ముందే పైనుంటే ఇంక యాడికి లేస్తుంది? కదలని గాలి మీద పేపరెవరు వేస్తారు? ముందు అందరూ చేసింది చెయ్యి. తర్వాత నీది చేద్దువు." ఆయన చెడ్డవాడు కాదు. అదే విసుగు, చెడ్డవాడైతే కోప్పడి తేల్చుకోవచ్చు. ఆమె రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతే ఆఫీసు వరండాలో మూడు గంటలు నిలబడి పొడిగింపు సంతకం పెట్టించుకొచ్చింది ఆయనే. భానుశ్రీకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నెలరోజులు ఫోన్ చేసి లెక్కల సంగతి అడగలేదు, పిల్ల సంగతే అడిగాడు. జూలైలో రిటైరవుతాడు, ఆయన చేతి కింద చివరి విద్యార్థి నాగవేణి. తర్వాత చేద్దువు అన్న ఆ తర్వాత మాత్రం రాలేదు. పెట్టె తర్వాత ఇంకా చిన్న గళ్ళ పెట్టె, దాని తర్వాత వంచిన పెట్టె, నిలువుపాటి పెట్టె. ఐదో అధ్యాయం కోసం ఎక్కడైనా పనికొచ్చినట్టు చూపించాలి కదా అని షెడ్డు తెచ్చి ఆ పెట్టెలోనే కూర్చోబెట్టింది. పడమటి గోడ మీద ఎండ పడుతుంది కాబట్టి అది వేడి గోడ. తూర్పుది చల్ల గోడ. పైకప్పు నుంచి వేడి రాదు పోదు. ఆ ముక్క రాస్తున్నప్పుడు ఆమెకు చెయ్యి ఆగిందా? ఆగలేదు. ఆగినట్టు గుర్తుంటే బాగుండేది.

ఒకటీ పది, ఒకటీ పదిహేను. పైన నలభై నాలుగున్నర. నేల అట్లే.

పేపరు వరకే అయితే ఒక పేపరు తప్పు, అంతే, లోకంలో ఎన్ని లేవు. కానీ రెండేళ్ళ కింద తమ్ముడు మునిచంద్ర ఈ షెడ్డు కట్టేటప్పుడు ప్లాను కాగితం తెచ్చి అక్క ముందు పరిచాడు. పైన, రేకులకు జానెడు కింద, చుట్టూ వెంటిలేటర్లున్నాయి ఆ ప్లానులో, పద్నాలుగు. వాడికి అక్క మాటంటే అంత నమ్మకం, చిన్నప్పటి నుంచీ, సైకిలు ట్యూబుకు అతుకు ఎక్కడ వేయాలో కూడా అక్కనే అడిగేవాడు. ఇవెందుకురా, ఊజి ఈగ దూరడానికి దారి, పురుగుల మీద గుడ్లు పెట్టిపోతుంది, గాలి దానంతటదే తిరుగుతుంది, అని ఆమె లాప్టాప్ తెరిచి రంగుల బొమ్మ చూపించింది. వాడు బొమ్మ వైపు గుడిలో చూసినట్టు చూశాడు. వాడి భార్య మహిత వెనక నిలబడి ఉంది, చేతిలో మల్బరీ ఆకు కత్తిరించే కత్తి. ఆ పిల్ల పుట్టిల్లు పలమనేరు పక్కన, పుట్టినప్పటి నుంచి పురుగుల మధ్యే పెరిగింది, ఇంటర్ దాకా చదివింది. పైన కిటికీలు ఉండనీ వదినా అంది, అంతే, గట్టిగా కూడా అనలేదు. ఉంటే మంచిదే కానీ అవసరం లేదు మహితా, అంది నాగవేణి, క్లాసులో చివరి బెంచీ పిల్లకు చెప్పినట్టు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ గొంతును పట్టుకుని పీకేయాలనిపిస్తోంది. మేస్త్రీ పద్నాలుగు చోట్లా ఇటుక పెట్టి మూసేశాడు.

పోయిన మే నెలలో పంట పోయింది. నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, ఇంక వారం పది రోజులు ఆకు మేస్తే గూళ్ళు కట్టాల్సిన పురుగులు. ఏడడుగుల ఎత్తునుండే పై రెండు అరల్లో మొదలైంది, మెత్తబడి, నల్లబడి, ముట్టుకుంటే నీళ్ళయిపోయి, అక్కడి నుంచి రోగం కిందికి దిగింది. నాలుగు రోజుల్లో షెడ్డంతా. నాగవేణికి ఫోన్లో చెప్పింది తమ్ముడు, గుడ్లు మంచివి కాదంట అక్కా, రోగం గుడ్లలోనే ఉన్నిందంట, అని. ఆమె నమ్మింది. నమ్మడం ఎంత సులువో. ఆ ఆదివారం వచ్చేసరికి షెడ్డు కడిగేసి ఉంది. పురుగులన్నిటినీ మహిత ఒక్కతే రెండు రోజులు గంపలతో మోసి తోట చివర గుంట తీసి సున్నం చల్లి పూడ్చిందని తర్వాత తెలిసింది, మునిచంద్ర ఆ రెండు రోజులూ ఇల్లు కదల్లేదంట, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడంట. ఆ పొద్దు మహిత అన్నం పెట్టింది, చింతకాయ పచ్చడి వేసింది, మళ్ళీ వేసింది. ఒక్క మాట అనలేదు. ఆ అననితనమే నాగవేణికి ఏడాదిగా ఎక్కడో గీరుకుంటూ ఉంది. అంటే ఏం పోయింది? అరిచి ఉండొచ్చు కదా. అరిస్తే ఆ రోజే తీగలు తెచ్చి కట్టేదేమో. లేదు, కట్టేది కాదు. తిరిగి అరిచేది. నిజం చెప్పుకోవాలంటే అదీ.

ఒకటీ ఇరవై ఐదుకు ఫోన్ మోగింది. ఎత్తడానికి కదలాలి, ఎత్తకపోతే మోగుతూనే ఉంటుంది. ఎత్తింది. దామోదరం సార్.

"ఏమ్మా, గ్రాఫు సాయంత్రానికి వస్తుందా?"

వస్తుంది కానీ కలవడం లేదు సార్, పైకీ కిందికీ పదమూడు డిగ్రీల పైన తేడా ఉంది, మన లెక్కలో మూడు, అని చెప్పింది. అవతల ఎవరో టీ గ్లాసు పెట్టిన చప్పుడు. తర్వాత ఆయన తీగలు పాతవేమో అన్నాడు. మార్చి చూశానంది. డబ్బా పాతదేమో అన్నాడు. మరిగే నీళ్ళలో పెట్టి చూశానంది. ఆయన గొంతు తగ్గించాడు. పొద్దున ఆరుగంటలకు తీసుకో అమ్మా, అన్నాడు, ఎండ రాకముందు అంతా ఒకటిగానే ఉంటుంది, మూడు డిగ్రీలు కూడా ఉండదు, గ్రాఫు కింద ఏ వేళకు తీశామో రాయాలని రూలేం లేదు. చెప్పి, తనకే ఎట్లాగో అనిపించిందేమో, ఆరేళ్ళు తల్లీ, అన్నాడు, జూలైలో నేను పోతే నీ ఫైలు ఎవరి టేబుల్ మీద పడుతుందో నాకు తెలీదు, నీ మంచికే చెప్తున్నా. అది కూడా నిజమే. ఆ మనిషి నోట అబద్ధం కూడా ఆప్యాయంగానే వస్తుంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలీక ఆమె సరే సార్ చూస్తాను అని పెట్టేసింది. చూస్తాను అంటే ఏం చూస్తుంది? రేపు ఆరుగంటలకు వచ్చి అరగంట కూర్చుంటే చాలు, చల్లగా ఉంటుంది కూడా. పక్షులు అరుస్తుంటాయి. ఆరు అంకెలూ ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా. శుక్రవారం థీసిస్ ఇచ్చేయొచ్చు. మూడు నెలల్లో పేరుకు ముందు డాక్టర్. కాలేజీలో ఆమె కంటే పదేళ్ళు చిన్నవాళ్ళు ఆ రెండక్షరాలు పెట్టుకుని ఆమె సెలవు చీటీ మీద సంతకాలు పెడుతున్నారు. ఎవరికి నష్టం? ఆ పేపరు చదివి షెడ్డు కట్టే రైతు ఎవడుంటాడు? ఒకడున్నాడు. ఒకడు కట్టాడు. ఎల్లుండి మళ్ళీ పురుగులు పెడుతున్నాడు, అదే రేకుల కింద, అక్క చెప్పింది కాబట్టి.

ఒకటీ ముప్పై రీడింగు తీయడం ఐదు నిమిషాలు ఆలస్యమైంది. పైన నలభై ఐదు.

తలుపు మీద వేలితో తట్టిన చప్పుడు. రావద్దని చెప్పి మరీ కూర్చుంది, అయినా తలుపు మనిషి దూరేంత తెరుచుకుని మహిత లోపలికి వచ్చి వెంటనే మూసింది. చెంబుతో మజ్జిగ. కొలత చెడిపోయింది, చెడనీ, గొంతు ఎండిపోయి ఉంది. నాగవేణి తాగుతుంటే మహిత వేలాడుతున్న తీగల వైపు కింది నుంచి పైదాకా చూసి, ఒక చెయ్యి మెల్లగా పైకెత్తి, తలకు పైన వేళ్ళు విప్పి అట్లే ఉంచింది. ఏ ఎత్తున ఉడుకు మొదలవుతుందో వేళ్ళతో చూస్తోందని నాగవేణికి తెలుస్తోంది.

"ఎంత సూపిస్తా ఉండాది వదినా?"

"పైన నలభై ఐదు. ఏడడుగుల కాడ నలభై."

మహిత తలూపింది. పై అరలు ఉడుకుతాయని తనకు తెలుసునంది, ఇంత అని అంకె తెలీదు గానీ. పోయినేడు ఊదొత్తి వెలిగించి చూశానని మామూలుగా, వంటలో ఉప్పు చూశానన్నట్టు చెప్పింది.

నాగవేణి చెంబు దించింది. "నాకెందుకు చెప్పలేదు మే?"

"చెప్పినా గదా వదినా. ఫోన్లో పెట్టినా. నువ్వు బొమ్మ పంపిచ్చినావు."

అందులో నింద లేదు, ఎత్తిపొడుపు లేదు, ఆ పొద్దు పులుసు పెట్టినా అన్నట్టే ఉంది. చెప్పి చెంబు తీసుకుని, కొలత చెడిపోతుందేమో పోతా వదినా అని మహిత బయటికి పోయింది, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఫోన్లో పెట్టింది. ఏం పెట్టింది? నాగవేణి వేలితో ఆ పిల్ల పేరు మీద పెట్టి వెనక్కి, వెనక్కి తోసుకుంటూ పోయింది, కాణిపాకం ఫోటోలు, భానుశ్రీకి పుట్టినరోజు దీవెనలు, సంక్రాంతి ముగ్గు, మునిచంద్ర జ్వరం మాత్రల పేరు, వెనక్కి, పోయిన మే. ఒక గొంతు మెసేజి, నలభై ఒక్క సెకన్లు. వినని మెసేజికి ఉండే గుర్తు దాని పక్కన అట్లే ఉంది. దాని కింద ఆమె పంపిన రంగుల బొమ్మ, బొమ్మ కింద ఆమె రాసిన మాట, గాలి తిరుగుతుంది, కంగారుపడొద్దు. ఇప్పుడు గుర్తొచ్చింది, పేపర్లు దిద్దే హాలు, చుట్టూ అరవైమంది, ముందు నలభై పేపర్ల కట్ట, తమ్ముడు ఫోన్ చేసి మహిత ఏందో పెట్టిందంట చూడక్కా అన్నాడు, చూసింది, గొంతు మెసేజి, ఇంతమందిలో ఎట్లా వినేది, షెడ్డు వేడి సంగతే అయ్యుంటుంది, ఎన్నిసార్లు చెప్పాలి ఈ పిల్లకు, అని విసుక్కుని, వినకుండానే జవాబు పంపింది. ప్రశ్న చూడకుండా జవాబు రాసిన పేపర్లకు ఆ పూటంతా సున్నాలు చుడుతూ కూర్చున్న మనిషి.

నొక్కింది. షెడ్డులో మహిత గొంతు, ఏడాది కిందటిది. "వదినా, నేను మహితను. షెడ్డులో పైన శానా ఉడకగా ఉండాది. ఇప్పుడే ఊదొత్తి ఎలిగిచ్చి సూసినా. పొగ నా తలకాయంత ఎత్తు దాకా పొయ్యి ఆడ్నే నిలిచిపోతా ఉండాది, దుప్పటి పరిచినట్ల. పైకి పోలా, పక్కకి తిరగలా. పురుగులు నాలుగో జొరంలో ఉండాయి. పైన నాలుగు ఇటికలు తీపిచ్చేదా? ఆయన్ని అడిగితే అక్కని అడుగు అంటా ఉండాడు. నువ్వు సరే అంటే తీపిస్తా." ఎక్కడో కాకి అరుపు. "సరే వదినా. ఉంటా."

మళ్ళీ విన్నది. మూడోసారి వినలేకపోయింది. పొగ లేచింది, తలెత్తున ఆగింది, పరుచుకుంది. ఆరు తీగలూ ఒక డబ్బా ఈ మధ్యాహ్నమంతా కూర్చుని చెప్పింది అంతే, ఆరేళ్ళూ, గళ్ళూ, మూడో దశాంశమూ చెప్పనిది అంతే. మహిత కొలిచింది, చూసింది, ఏం చేయాలో కూడా చెప్పింది, నాలుగు ఇటుకలు. అడిగింది ఒక్క సరే. ఆ సరే అనడానికి నలభై ఒక్క సెకన్లు వినాలి. నాగవేణి ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, వచ్చింది పళ్ళు కొరుక్కునేంత విసుగు, దామోదరం సార్ మీద కాదు, కాలేజీ మీద కాదు, అద్దాల బీరువా మీద అసలే కాదు, వాటన్నిటినీ తిట్టుకుంటూ ఇన్నాళ్ళు హాయిగా కాలక్షేపం చేసిన తన మీద. గుడ్లలో రోగమంట. వాడికి తెలుసు. వాడు అక్కను కాపాడాడు. ఇద్దరూ కలిసి ఏడాదిగా అక్కను కాపాడుతున్నారు, మళ్ళీ అదే షెడ్డులో పురుగులు పెట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డారు, పద్నాలుగు రంధ్రాలు పొడిస్తే అక్క చదువు తప్పని ఊరికి చెప్పినట్టవుతుందని. ఏం మనుషులు వీళ్ళు. చెంప మీద కొట్టినా ఇంతకంటే నయం.

నోటుబుక్కు పేజీని ఫోటో తీసింది. చెమట చుక్క ఒకటి ఒకటిన్నర వరస మీద పడి అంకె కొంచెం అలుక్కుపోయింది, కానీ చదవొచ్చు. దామోదరం సార్‌కు పంపి కింద రాసింది, సార్, ఇవి మధ్యాహ్నం ఒకటి నుంచి తీసినవి, ఐదో అధ్యాయం తప్పు, పైకప్పు వేడి పెట్టి మళ్ళీ చేస్తాను, అచ్చైన పేపర్లో షెడ్డు గురించి చెప్పింది వెనక్కి తీసుకుంటున్నామని ఆ జర్నల్ వాళ్ళకు రాద్దాం, శుక్రవారం థీసిస్ ఇవ్వలేను. చదివి చూసుకుంది. క్షమించండి అని చేర్చింది, తీసేసింది, మళ్ళీ చేర్చింది. పంపింది. రెండు గీతలూ నీలం అయ్యాయి. ఆయన ఏదో రాస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్ళీ రాస్తున్నట్టు, మళ్ళీ ఆగింది. ఏమీ రాలేదు. ఇంకో ఏడాది, కొత్త గైడు, కొత్త సంతకాలు, ఇంట్లో యోగానంద ఏమీ అనకుండా తలుపు దగ్గర చెప్పులు సర్దడం. ఎట్లాగూ తప్పదు. ఎట్లాగూ తప్పనిది అనుకున్నాక లోపల ఏదో కొంచెం సర్దుకుంది, హాయి అనలేం, ఎప్పటి నుంచో బిగబట్టిన చెయ్యి దించినట్టు.

లేచి తలుపు బార్లా తెరిచింది. ఎండ కళ్ళలో కొట్టింది. మహిత బయట వేపచెట్టు నీడలో ట్రేలు కడుగుతోంది.

"మహితా. గడ్డపార యాడుండాది?"

మహిత తడి చేతులు చీరకు తుడుచుకుంటూ ఆమె ముఖం చూసింది, చేతిలో ఫోన్ చూసింది. దూడల కొట్టం నుంచి గడ్డపార తెచ్చింది, పై రేకులు అందేంత ఎత్తు స్టూలు కూడా. లోపలికి వచ్చాక నాగవేణి గోడ వైపు చూపించి, ఏ ఎత్తున తీయాలో నువ్వు చెప్పు అంది. మహిత కాసేపు సందేహించింది, ఆయన చిత్తూరు పోయినాడు, వచ్చినాక మేస్త్రీని పిలిపిస్తే సరిపోతుందేమో అంది. మేస్త్రీ మిగతా పదమూడూ తీస్తాడు, ఒకటి మనం తీస్తామంది నాగవేణి. అప్పుడు మహిత బొగ్గుముక్క తెచ్చి స్టూలెక్కి, రేకులకు జానెడు కింద, మేస్త్రీ మూసిన అతుకు వెతికి పట్టుకుని, దాని చుట్టూ ఒక చతురస్రం గీసి దిగింది. ఊజి ఈగ రాకుండా నైలాన్ తెర కొడదామంది, వాళ్ళ పుట్టింట్లో అట్లే కొట్టినారంది.

నాగవేణి స్టూలెక్కింది. పైన నిలబడగానే ముఖానికి వేడి ఆనింది, నలభై ఐదు అని రాసుకున్నప్పుడు అది ఇట్లా ఉంటుందని తెలియలేదు, కనురెప్పలు ఆరిపోయాయి, ఊపిరి ముక్కు దగ్గరే ఆగుతోంది. ఇక్కడ, ఈ ఎత్తుకు మూడు నాలుగడుగుల కింద, పోయిన మేలో, తప్పించుకుని పోవడానికి కాళ్ళు చాలని పురుగులు వేలకు వేలు, ఆకు మీద తలలెత్తి ఉండేవి. గడ్డపార ఎత్తి పొడిచింది. సిమెంటు పెళ్ళ రాలింది. రెండోసారి, మూడోసారి, భుజం లాగేసింది. కింద మహిత స్టూలు కాళ్ళను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. ఐదో దెబ్బకో ఆరో దెబ్బకో ఇటుక కదిలి, వెనక్కి వంగి, అవతల పక్క దబ్బుమని పడింది. ఆకాశం ముక్క ఒకటి తెల్లగా కనపడింది. నాగవేణి రంధ్రం పక్కన చెంప ఆనించి నిలబడింది. వెనక నుంచి మెడనూ చెవినీ రాసుకుంటూ వేడి ఆ సందులోంచి బయటికి పోవడం మొదలైంది, మొదట ఉందో లేదో అన్నట్టు, తర్వాత స్పష్టంగా, జుట్టు కదిలేంత.

"పోతా ఉండాదా వదినా?" కింది నుంచి మహిత అడిగింది.

"పోతా ఉండాది మే," అంది నాగవేణి, ఇంకో ఇటుక మీదికి గడ్డపార ఆనిస్తూ.